పెద్దకారు పోషణము

వస్తువును సంపాదించుట యొక నేర్పు. సంపాదించిన వస్తువును పోషించుట మఱియొక నేర్పు. మన సంసారములలో మొదటి నేర్పునకు గల గౌరవము రెండవదానికి లేదు. ఇల్లు కట్టినవానిని నలుగురును మెచ్చుకొందురు గాని, ఏటేట గోడలకు సున్నము వేయించి, వానకాలమునకు ముందు కప్పు పరీక్షించుకొనువానిని మెచ్చుకొనినవారిని మేమెన్నడును చూడలేదు. కుమార్తె పెండ్లికి లక్షలు వెచ్చించిన తండ్రియే యామె కంటిపరీక్షకు వందలు వెచ్చింప వెనుదీయును. ఏలయనగా సంపాదన లోకము కంటబడును, పోషణ కంటబడదు. కంటబడని దానికై ధనము వెచ్చించుట మనవారికి వృథావ్యయముగా దోచును. ఈ దుర్గుణము నేడు మిక్కిలి యపాయకరముగా బయలుపడుచున్న తావు ముదిమి మీఱిన విలాసపు కారు. దానిని పోషించుటలో మాకు గలిగిన యనుభవమును, అందుండి పుట్టిన యాలోచనలను చదువరుల ముందుంచుచున్నాము.

క్రొత్తగా నున్నప్పుడు సామాన్యులకు కలలోనైన నందని పెద్దకారు, పది పండ్రెండేండ్లు గడచునప్పటికి మధ్యతరగతి గృహస్థుని చేతి కందును. క్రొత్త చిన్నకారునకు పట్టు సొమ్ముకంటె తక్కువ సొమ్మునకే పాత జర్మనీకారు వాకిట నిలుచును. బంధువులు వచ్చి చూచి పోవుదురు. ఇరుగుపొరుగువారి మాటలో మర్యాద యొక పాలు పెరుగును. అయితే వెల తగ్గినదనగా కారు తగ్గినదని యర్థము కాదు. దాని బరువు తగ్గలేదు, వేగము తగ్గలేదు, విడిభాగముల వెల తగ్గలేదు. అమ్మకపు వెల యొక్కటియే మన మెట్టునకు దిగివచ్చినది. పోషణపు వెల మొదటి యజమాని యెక్కిన మెట్టుమీదనే నిలిచియున్నది. ఏనుగు చచ్చినను వెయ్యే, బ్రతికినను వెయ్యే యని మన సామెత. పెద్దకారు విషయమున నీ సామెత చెల్లదు. దాని వెల యేటేట పడిపోవును. బ్రతికించుకొనుటకు మాత్రము ప్రతి సంవత్సరమును వేలు కావలయును.

మా యింటికి 2021లో నట్టి కారొకటి వచ్చినది. అది 2008వ సంవత్సరపు మెర్సిడెస్ బెంజి ఇ-క్లాసు. పరిచితులైన యొక గృహస్థులు తమ యవసరమునకు మించినదని దానిని మాకమ్మిరి. తిరిగిన దూరము తక్కువ. సీట్లకు క్రొత్త తొడుగులు, రంగునకు క్రొత్త నిగనిగ, టైర్లకు నల్లని మెఱుగు. చూచినవారెల్లరు టైర్లు క్రొత్తవే యనిరి. పైనున్న చాళ్లును లోతుగానే యున్నవి. మేము వెంట దీసికొనిపోయిన మెకానిక్కు మాత్రము నేలపై గూర్చుండి, గుడ్డతో మెఱుగు తుడిచి, టైరు ప్రక్కభాగమున చిన్న గడిలో ముద్రింపబడిన నాలుగంకెలను మాకు చూపెను. అవి 2312.

“ఇరవై మూడో వారం, పన్నెండో సంవత్సరమండీ. తొమ్మిదేళ్లు నిండిపోయాయి. చాళ్లు చూసి మోసపోకూడదండీ, ప్రక్కన చూడండి” అని యతడు టైరును వ్రేలితో నొక్కెను. సన్నని వెండ్రుకలవంటి బీటలు ప్రక్కభాగమంతయు నల్లుకొనియున్నవి. పైన పటారము, లోన లొటారము!

అమ్మినవారు మోసగాండ్రని మేమనము. తమ టైర్ల వయస్సు వారికే తెలియదు. వారి కుటుంబమంతయు నాలుగేండ్లుగా నా టైర్లమీదనే తిరుపతికి పోయి వచ్చినది. ఇది యొక్క యింటి సంగతి కాదు. పిల్లవాని జాతకమున విఘడియలతో గూడ జన్మకాలము వ్రాయించు నిండ్లలో, ఆ పిల్లవానిని మోయుచున్న టైరు పుట్టిన సంవత్సర మెవ్వరికిని తెలియదు. ఆ జాతకము చదువుటకు పంచాంగ మక్కఱలేదు. మొదటి రెండంకెలు వారము, తక్కిన రెండు సంవత్సరము. ఇంటిలో రెండవ తరగతి చదువు పిల్లకైన తెలియగల విద్య యిది.

అరుగని టైరు ముసలిదగు టెట్లని కొంద రడుగవచ్చును. 1839లో చార్లెసు గుడ్‌ఇయరను నమెరికా దేశీయుడు రబ్బరును గంధకముతో గలిపి కాచి గట్టిపఱచు విధము కనుగొనెను. బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్పు తన కుమారుని మూడుచక్రముల బండికై చేసిన గాలిటైరునకు 1888లో పేటెంటు పొందెను. నాటినుండి టైరు నిర్మాణమున నెన్నియో మార్పులు వచ్చినవి. రబ్బరు స్వభావము మాత్రము మాఱలేదు. ఎండ, వేడిమి, గాలిలోని ప్రాణవాయువు, ఓజోను – ఇవి నిలిచియున్న కారు టైరును గూడ తినుచునే యుండును. రబ్బరు మృదుత్వము గోల్పోయి పెళుసుబాఱును. లోపలి పొరల నడుమ పట్టు సడలును. రెంటచింతల, రామగుండము వంటి తావుల వేసవి యెండ నెఱిగిన మనకు దీనిని వేఱుగా వర్ణింప బనిలేదు. ఐదేండ్లు నిండిన టైరును ఏటేట పరీక్షింపవలెననియు, పదియేండ్లు దాటినదానిని చూడ బాగుగానున్నను తీసివేయవలెననియు టైర్లు చేయువారు పలువురు చెప్పుదురు. కార్లు చేయువారిలో కొందరు ఆరేండ్లకే మార్చుమందురు. డిక్కీలో చీకటిలో పడియున్న స్టెప్నీకిని ఈ లెక్క వర్తించును.

టైరు మోయు బాధ్యత యెంతటిదో కొంచెము గణించి చూతము. మా కారు టైరు ప్రక్కను 225/55 ఆర్ 16 95 డబ్ల్యు అని యుండును. 225 మిల్లీమీటర్లు టైరు వెడల్పు. 55 అనగా ప్రక్కభాగపు టెత్తు వెడల్పులో నూటికి 55 పాళ్లు. ఆర్ అనునది రేడియల్ కట్టును, 16 చక్రపు వ్యాసమును అంగుళములలో దెలుపును. 95 అనునది బరువు సంకేతము: ఆ టైరు 690 కిలోలు మోయగలదు. డబ్ల్యు అనునది వేగపు సంకేతము: గంటకు 270 కిలోమీటర్ల వఱకు తట్టుకొనగలదు. ఈ కొలతల చొప్పున టైరు మొత్తపు టెత్తు సుమారు 654 మిల్లీమీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగమున నది క్షణమునకు, అనగా ఒక్క సెకనునకు, పదమూడు మాఱులకు పైగా దిరుగును. ఇట్లు తిరుగుచు నేలను దాకుచోటు ఒక్కొక్క టైరునకు మన యరచేతికంటె కొంచెము పెద్దది మాత్రమే. నాలుగు రచేతుల చోటుమీద దాదాపు 1600 కిలోల యినుమును, అందు గూర్చున్న సంసారమును ఆధారపడియున్నవి. బ్రేకులెంత గొప్పవైనను చక్రమును మాత్రమే యాపగలవు. కారు నాపవలసినది టైరే.

ఇక టైర్లు కొనబోయిన కథ. మేము మొదట వెళ్లిన దుకాణమువారు మా కారును జూచి గౌరవముగా కుర్చీ వేయించిరి. మా కొలత చెప్పగా, “దాని కెందుకండీ అంత డబ్బు? 205/55 వేయించుకోండి. అదే పదహారు అంగుళాల వీలుకు ఎక్కుతుంది. నాలుగింటికీ కలిపి పదివేలు మిగులుతాయి” అనిరి. ఎక్కునన్న మాట నిజమే. అయితే దానిమీది బరువు సంకేతము 91, అనగా 615 కిలోలు. ఒక్కొక్క టైరునకు 75 కిలోల చొప్పున నాలుగింటికి 300 కిలోల శక్తి తగ్గినది. టైరు టెత్తును 22 మిల్లీమీటర్లు తగ్గును. అందుచే వేగము చూపు ముల్లు లేని వేగమును చూపును. తక్కువ బరువు కారునకు చక్కగా దగిన టైరే మా కారునకు తగనిది. చెప్పు కాలి కెక్కినంత మాత్రమున నడక కనుకూలమని చెప్పగలమా?

మా కొలతవే కావలెనని పట్టుబట్టగా లోపలినుండి నాలుగు టైర్లు దొర్లించుకొని వచ్చిరి. మా యిల్లాలు ముందుకు వంగి యంకెలు చదివెను. నాలుగేండ్ల నాటివి. “ఎవరూ చూడరండీ, అమ్మగారూ” అని దుకాణదారుడు నవ్వెను. ఆ మాటలో నతని తప్పుకంటె మన తప్పే యెక్కువగా నున్నదని మాకు తోచినది. కొనువాడు చూడనిదానిని అమ్మువా డేల చూపును? మేము వేఱొక దుకాణమున నాలుగు నెలల క్రిందట తయారైన టైర్లు తీసికొంటిమి.

ఎన్నికలో మేము పాటించిన సూత్రము లివి. కొలత, బరువు సంకేతము, వేగపు సంకేతము – ఈ మూడును కారు తయారుచేసినవారు చెప్పినట్లే యుండవలెను. సంకేతములు రెండును ఎక్కువైన నుండవచ్చును గాని తక్కువ కూడదు. ఐ.ఎస్.ఐ. గుర్తుండవలెను. ఒకే యిరుసుమీది రెండు టైర్లును ఒకే జాతివి కావలెను. పిమ్మట, ఎక్కువకాల మరుగని టైరా, తడినేలను బాగుగ పట్టుకొను టైరా యను ప్రశ్న. సామాన్యముగా గట్టి రబ్బరు ఎక్కువ దూరము నడచును, మెత్తని రబ్బరు నేలను బాగుగ పట్టుకొనును. మన గృహస్థులు “ఎన్నివేల కిలోమీటర్లు వచ్చును?” అని మాత్రమే యడుగుదురు. మా కారు సంవత్సరమునకు ఆఱువేల కిలోమీటర్లకు మించి తిరుగదు. ఆరేండ్లకు ముప్పదియాఱు వేలు. ఎనుబదివేలు నడచు టైరు కొనినచో, సగమైన నరుగకముందే దాని వయస్సు చెల్లిపోవును. కనుక మేము దూరమును విడిచి పట్టును గోరుకొంటిమి. నాలుగింటికి బదులు రెండే మార్చగల స్తోమత గలవారు క్రొత్తవానిని వెనుక నిరుసునకు వేయించుకొనవలెను. ముందు కారు జాఱినచో నడుపువాడు వేగము తగ్గించి సవరించుకొనగలడు. వెనుక జాఱినచో కారే గిఱ్ఱున దిరిగిపోవును.

విదేశపు కారునకు విదేశపు టైరే యుండవలెనను భ్రమయు మనవారిలో గలదు. సంకేతములు చెప్పు కొలత లెల్ల దేశముల కొక్కటే. తెలంగాణమున సదాశివపేటలో టైర్ల కర్మాగారము కలదు. ఆంధ్రదేశమున చినపండూరులో మఱియొకటి 2020లో నారంభమైనది. మన వారి చేతిమీదుగ వచ్చిన మంచి టైరు, ఓడలో నెలలు, గోదాములో నేండ్లు గడపివచ్చిన పేరుగల టైరుకంటె మేలని మేము తలచితిమి.

టైరు కొనుటతో పని తీఱలేదు. గాలి తక్కువైన టైరు తిరిగినప్పుడెల్ల నెక్కువగ వంగును, వంగుటచే వేడెక్కును, వేడెక్కుటచే లోపలి కట్టు చెడును. వేసవిలో దారులమీద ప్రేలు టైర్లలో ననేకములు ఇట్లు చెడినవే. ఎంత గాలి యుండవలెనో పెట్రోలు మూత లోపలివైపుననో, తలుపు ప్రక్క స్తంభముమీదనో వ్రాసియే యుండును. కారు కదలకముందు, టైరు చల్లగానున్నప్పుడే చూడవలెను. మా యింట నీ పని మా యిల్లాలిది. కొన్ని వందల రూపాయలకు దొరకు గేజి నొకదానిని కొని, ప్రతి నెల మొదటి తేదీని ఉదయముననే చూచి, పాలలెక్క ప్రక్కనే పుస్తకమున వ్రాయును. మొదటిసారి వీధిలో నామె టైరు ప్రక్క గూర్చుండగా పొరుగువారు వింతగ చూచిరి. కుక్కరు ఆవిరి, గ్యాసు బండ, పిల్లల జ్వరమానిని చూచుకొను చేతికి గాలిగేజి యేల తగదో మాకు బోధపడలేదు. ఇప్పు డా పొరుగింటి కోడలును గేజి యెరువు తీసికొనిపోవుచున్నది. నైట్రోజను నింపించిన చూడ నక్కఱలేదని కొందఱందురు. మనము పీల్చు గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజను. దాని నింపించుటలో దోషము లేదు. నింపించితిమి గదాయని చూచుట మానుటలో దోషము గలదు.

ఇచట నొక మాట చెప్పక తీఱదు. పెద్దకారు గల యిండ్లలో ననేకముగా కారు నడుపువాడు యజమాని కాడు. ముందు సీటున గూర్చుండువాడు జీతగాడు. మా డ్రైవరు మునుపు పనిచేసిన యింటిలో టైర్లు నున్నబడిపోయినవట. చాళ్ల నడుమ 1.6 మిల్లీమీటర్ల టెత్తున చిన్న గట్టులుండును; అరుగుదల వానిని చేరిన పిమ్మట టైరు తీసివేయవలెను. అతడు మూడుమాఱులు చెప్పెనట. మూడుమాఱులును “వచ్చే నెల” యనిరట. ఆ నెలలోనే దేవుని గదికి వెండి తలుపులు చేయించిరట. మేమతనిని అప్పుడేమి చేసితివని యడిగితిమి. “ఊరు దాటే ముందు ఒకసారి, చేరాక ఒకసారి ఇంటికి ఫోను చేసేవాణ్ణండి. ఏమీ చెప్పేవాణ్ణి కాదు. ఊరికే చేసేవాణ్ణి” అని యతడు చెప్పెను.

ఆ రెండు ఫోనుల వెల యే టైర్ల దుకాణమునను వ్రాయబడి యుండదు. మన పొదుపు మన ప్రాణముమీద చేసికొనిన నది మూర్ఖత్వము. పరుల ప్రాణముమీద చేసిన నది అన్యాయము. మన యరిగిన టైరు ముందు దారి దాటుచున్న బడిపిల్లకు మన కారు వెల తెలియదు. వానలో టైరు చాళ్లు నీటిని ప్రక్కకు చిమ్మజాలక కారు నీటిమీద తేలినప్పుడు, హారను మ్రోగించుట తప్ప మన మేమియు చేయలేము. కనుక టైరు సంగతిని డ్రైవరు చెప్పినప్పుడు వినుట దయ కాదు, ధర్మము. మా యింట నతనికి “ఈ స్థితిలో బండి తీయను” అని చెప్పు నధికారము గలదు. ఇంతవఱకు రెండుమాఱులు చెప్పెను. రెండుమాఱులును ప్రయాణ మాగినది.

తక్కిన పోషణమును గూర్చి క్లుప్తముగ చెప్పుదుము. పాతకారునకు చేయవలసిన పనులు పెక్కు, సొమ్ము పరిమితము. కావున నొక క్రమము కావలెను. మేము పాటించు క్రమము: ఆపునది, త్రిప్పునది, కనబఱచునది, నడుపునది, మెఱయునది.

ఆపునవి టైర్లు, బ్రేకులు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 4 జాతి ఆయిలు క్రొత్తగా నున్నప్పుడు కనీసము 230 డిగ్రీల వఱకు మరుగరాదు. తేమ చేరిన పిమ్మట ఆ హద్దు 155 డిగ్రీలకు దిగును. తిరుమల కొండ దిగునప్పుడు బ్రేకులు వేడెక్కి ఆయిలు మరిగినచో నొత్తిన పెడలు మెత్తగ లోనికి బోవును. అందుచే తిరిగిన దూరముతో నిమిత్తము లేక రెండేండ్ల కొకమాఱు దానిని మార్పింతుము. త్రిప్పునవి స్టీరింగు, సస్పెన్షను. వానియందలి రబ్బరు బుష్షులును టైరువలెనే వయస్సుచే చెడును. టైరు లోపలి యంచు మాత్రమే యరుగుచున్నచో నది టైరు నేరము కాదు; బుష్షులను, ఎలైన్‌మెంటును చూపింపుమని చేయు హెచ్చరిక. క్రొత్త టైరు వేసి బుష్షు వేయింపకుండుట, యేనుగు నిచ్చి యంకుశమునకు పోరాడినట్లు. కనబఱచునవి దీపములు, వైపర్లు. నడుపునవి ఇంజను ఆయిలు, కూలెంటు, బ్యాటరీ, గేరుపెట్టె. నిలిచియున్న కారునకును ఆయిలు పాతబడును. ఎలుకలు వైర్లను కొఱుకును. కావున వారమున కొకమాఱైన నడుపవలెను. తుదకు మెఱయునది: రంగు, సీట్లు, పాటలపెట్టె. మన లోకమున నీ క్రమము సరిగా తలక్రిందుగ నడచుచున్నది. మొదట పాటలపెట్టె, తుదకు బ్రేకులు!

ఇంత వ్యయము మాకు శక్యము కాదనువారు గలరు. వారి మాట న్యాయమైనది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము చొప్పున సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. పిమ్మట పరీక్షకు నిలిపి ఐదేసి యేండ్లకు పునరుద్ధరించుకొనవలెను. మా కారు 2023లో నా పరీక్షకు నిలిచినది. ఆ దినమున మేము మా లెక్కపుస్తకమును తీసి, ఇంటిల్లిపాదియు గూర్చుండి, కారు నుంచవలెనా విడువవలెనా యని విచారించితిమి. పై క్రమములో మొదటి నాలుగును కొఱతలేక చేయింపగలమని లెక్క తేలినందున నుంచితిమి. తేలనియెడల నమ్మివేసి, చిన్నకారు కొనియుందుము. మంచి టైర్లు గల చిన్నకారున వచ్చినవాడు, నున్నని టైర్లుగల పెద్దకారున వచ్చినవానికంటె పెద్దమనిషి. ఈ సంగతిని పెండ్లిపందిళ్లలో నొప్పుకొను దినము రావలయును.

విజయదశమినాడు మన వీధులలో ప్రతి బండికిని పూజ జరుగును. పసుపు, కుంకుమ, పూలదండ, చక్రముల క్రింద నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ. పూజ మానుడని మేము చెప్పుట లేదు. తన్ను మోయు వస్తువునకు కృతజ్ఞత జూపుట మంచి యాచారము. అయితే పగిలిన గుమ్మడికాయ ముక్కలమీద రెండుచక్రముల బండ్లు జాఱి పడుట మనమెఱిగినదే. దృష్టి తీయుటకై చేసిన పని పరులకు దృష్టి తగిలించుట యేమి పుణ్యము? ముక్కలను వెంటనే తీయింపుడు. కుంకుమ బొట్టు పెట్టుటకు టైరు ప్రక్కకు వంగినప్పుడే, ఆ నాలుగంకెలను గూడ చదువుడు. స్టెప్నీని బయటకు తీసి గాలి చూడుడు. ఇంటిలోని ఆడుబిడ్డల చేతికి గేజి నిండు. డ్రైవరును పిలిచి, బండిలో నేమి లోపమున్నదో భయములేక చెప్పుమని యడుగుడు, చెప్పినదానిని వ్రాసికొనుడు, దీపావళిలోగా చేయింపుడు. అంతకు మించిన ఆయుధపూజ లేదు.